మధ్యాహ్నపు ఏడుపు

నా మొదటి కాన్పు సూర్యాపేటలో జరిగింది. ఆడపిల్ల. బతకలేదు. ఇంత మాట ఆగకుండా చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం తడబడేదాన్ని. తర్వాత "ఒక్కడే బాబు" అని చెప్పి వేరే మాటలోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అలా చెప్పగలగడం వెనక ఒక ముసలావిడ ఉంది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడేవి కావు.

మా పుట్టిల్లు మిర్యాలగూడ. నాన్న ఒక రైస్ మిల్లులో గుమస్తా. డాబా మీద ఆరేసిన బట్టలకు పొద్దుటికల్లా నల్లటి ఊక బూడిద అంటుకుని ఉండే వీధి మాది. పెళ్లయ్యాక కోదాడ వచ్చాను. మా ఆయన మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేవాడు. హైవేకు కొంచెం లోపలగా, ఒక సందులో కిరాయి ఇల్లు. రెండిళ్లకు మధ్య ఒకటే గోడ. పక్కింట్లో జగ్గయ్యపేట నుంచి కోడలై వచ్చిన అమ్మాయి ఉండేది. నాకంటే చిన్నది. ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి నెల తప్పింది. సాయంత్రాలు పెరటి గోడ దగ్గర నిలబడి ఏం తినాలనిపిస్తోందో, ఏది సయించడం లేదో చెప్పుకునేవాళ్లం. పుల్లటి మామిడికాయ దొరికితే ముక్కలు కోసి నాకు సగం గోడ మీద పెట్టేది. కాన్పులకు ఇద్దరం పుట్టిళ్లకు బయలుదేరాం. వెళ్లేముందు "పిల్లల్ని ఎత్తుకుని మళ్లీ ఇక్కడే కలుద్దాం అక్కా" అంది.

నేను మొదటి నుంచీ సూర్యాపేటలో ఒక డాక్టరమ్మకు చూపించుకునేదాన్ని. అందుకని మిర్యాలగూడ వెళ్లినా కాన్పు ఆమె దగ్గరే అనుకున్నాం. శివరాత్రికి కొద్దిరోజుల ముందు, నెలలు నిండిన ఒక పొద్దున, లోపల కదలిక తెలియలేదు. అమ్మ చక్కెర నీళ్లు తాగించింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. అయినా ఏమీ లేదు. నాన్న మిల్లు యజమాని కారు అడిగి తెచ్చాడు. దారి పొడుగునా అమ్మ నా కడుపు మీద నుంచి చెయ్యి తీయలేదు. డాక్టరమ్మ చూసి వెంటనే ఆపరేషన్ అంది. మత్తు ఇచ్చారు. మత్తులోకి జారిపోతున్నప్పుడో, అందులోంచి బయటికి వస్తున్నప్పుడో, ఇప్పటికీ చెప్పలేను, ఒక ఏడుపు విన్నాను. చిన్న ఏడుపు. మొదలై, మధ్యలో ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

కళ్లు తెరిచాక మొదట అడిగింది దాని గురించే.

"పాప ఏడ్సింది కదా?"

డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చుంది. మెడకు పేగు చుట్టుకుందని, తాను చెయ్యగలిగిందంతా చేశానని చెప్పింది. "పాప ఏడవలేదమ్మా" అంది. పక్క గదుల్లో ఇంకా కాన్పులు అవుతున్నాయి, నువ్వు విన్నది వేరే పిల్లల గొంతు అయ్యుంటుంది అంది. చాలా మెల్లగా చెప్పింది. నేను తల ఊపాను. కానీ నమ్మలేదు.

పాపను నాకు చూపించలేదు. "సూడకు బిడ్డా. సూస్తే ఆ మొకం కండ్లల్ల నిలవడ్తది. మల్ల మర్సిపోలేవు" అంది అమ్మ. నేనూ గట్టిగా అడగలేదు. లేచి కూర్చునే శక్తి కూడా లేదు. మర్నాడు పొద్దున్నే నాన్న, కోదాడ నుంచి వచ్చిన మా ఆయన కలిసి పాపను మా ఊరి వైపు తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి ఇద్దరి తలలూ తడిగా ఉన్నాయి. ఎక్కడ పెట్టి వచ్చారో వాళ్లు చెప్పలేదు.

తర్వాత పాలు వచ్చాయి. తాగే నోరు లేదని ఒంటికి తెలియదు కదా. రాయిలా గట్టిపడి, జ్వరం వచ్చి, పక్కకు ఒత్తిగిలితే ప్రాణం పోయేది. దవాఖానలో ఊడ్చే ఆయమ్మ ఒకరోజు కొంగులో మల్లెపూలు మూట కట్టుకుని వచ్చింది. ఎండాకాలం ఇంకా రాలేదు, ఎక్కడ సంపాదించిందో. "ఇవి కడితే పాలు ఎండుతయి బిడ్డా" అని, మెత్తటి గుడ్డలో పరిచి నా రొమ్ములకు తానే కట్టింది. ఎంత తగ్గిందో చెప్పలేను. మల్లెపూల వాసనంటే మాత్రం అప్పటినుంచి నాకు ఆ గది, ఆ నొప్పి, మాట్లాడకుండా ముడి వేస్తున్న ఆమె చేతులు గుర్తొస్తాయి.

మిర్యాలగూడలో ఉన్నన్నాళ్లు చుట్టాలు వచ్చి పోతూ ఉండేవారు. మళ్లీ పుడతారులే అనేవారు. చిన్నదానివి, నీకేం తక్కువ అనేవారు. అందరూ నా మంచికే చెప్పారు. పాత చీరలు చింపి నేను కుట్టిన చిన్న చిన్న జుబ్బాలు అమ్మ ఎక్కడో దాచేసింది. మర్చిపోలేనని ముఖం చూపించలేదు కానీ, చూడకపోవడం వల్ల జరిగింది వేరు. ఏ ముఖమైనా దాని ముఖం కావచ్చు అనిపించేది. బస్టాండులో, మందుల షాపు దగ్గర, పసిపిల్ల కనిపించిన ప్రతిచోటా, ఇట్లా ఉండేదేమో అని ఆగిపోయేదాన్ని.

ఎండలు ముదిరాక కోదాడ వచ్చేశాను. అమ్మ వద్దంది, ఇంకొన్నాళ్లు ఉండమంది. మా ఆయన కూడా ఎందుకో తొందరపడొద్దనే అన్నాడు. నేనే వినలేదు. పక్కింటి కిటికీలు మూసి ఉన్నాయి. ఎండకు మూశారనుకున్నాను. లోపల టీవీ పెద్దగా మోగుతోంది. ఆ అమ్మాయికి మగపిల్లవాడు పుట్టాడని నాకు తెలుసు. నల్లా దగ్గర వాళ్ల అత్తగారు కనిపించి, "కోడలు ఇంకా పుట్టింట్లోనే ఉందమ్మా" అంది. నా వైపు చూడకుండా బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. నన్ను చూసి చాలామంది అట్లాగే తప్పుకుంటున్నారు కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

వచ్చిన రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం గంజి వారుస్తుంటే ఏడుపు వినిపించింది. సందంతా నిద్రపోతున్న వేళ. దూరంగా హైవే మీద లారీలు తప్ప చప్పుడు లేదు. పసిపిల్ల ఏడుపు సన్నగా మొదలైంది. సగంలో ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.

సూర్యాపేటలో విన్న ఏడుపే.

చేతిలో గిన్నె ఎట్లా కింద పెట్టానో తెలియదు. జాకెట్టు తడిసింది. ఎండిపోయాయనుకున్న పాలు మళ్లీ వచ్చాయి. పెరట్లోకి పరిగెత్తాను. నీళ్ల తొట్టి, బట్టల తీగ, తెల్లటి ఎండ. ఎవరూ లేరు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన బూట్ల లేసులు విప్పుతూ తల ఎత్తలేదు.

"ఏడుపేంది? ఏం లేదు. నిద్రలేక గట్లనిపిస్తది. నువ్వు జర పండుకో" అన్నాడు.

మర్నాడు మళ్లీ వినిపించింది. ఆ మర్నాడు కూడా. ఎప్పుడూ మధ్యాహ్నమే, ఎప్పుడూ సగమే. నడిగూడెం నుంచి మా అత్తమ్మ వచ్చింది. నేను చెప్పింది విని, గాలి సోకిందని, ఎవరి దగ్గరికో తీసుకెళ్లి నల్లదారం కట్టించింది. తలకు నూనె రాసి, పక్కన పడుకుని, చిన్నపిల్లకు పెట్టినట్టు అన్నం ముద్దలు పెట్టింది. ఆమె ప్రేమలో ఏ లోటూ లేదు. కానీ ఏడుపు వినిపించినప్పుడల్లా ఆమె నా ముఖం కేసి భయంగా చూసేది. వినిపించిందా అని నేను అడగలేకపోయేదాన్ని. ఆమె తిరిగి ఊరికి వెళ్లేనాటికి, వినిపించడం లేదని చెప్పడం నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో మిక్సీ వేసేదాన్ని కాదు, ఆ చప్పుడులో ఏడుపు వినపడకుండా పోతుందని. ఫ్యాన్ ఆపేసి, చెమటలో తడుస్తూ గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పాప నన్ను వెతుక్కుంటూ సూర్యాపేట నుంచి ఇక్కడిదాకా వచ్చిందనుకున్నాను. తల్లి ముఖం చూడలేదు కదా, ఏ ఇల్లో తెలియక బయట ఎక్కడో ఏడుస్తోంది అనుకున్నాను. ఆకలికి మొదలుపెట్టి, ఓపిక లేక ఆగిపోతోంది అనుకున్నాను. ఇంకోవైపు, నాకు పిచ్చి పడుతోందని కూడా తెలుస్తూనే ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండగలవని అప్పుడే తెలిసింది.

ఆ సందులోకి ఆకుకూరలు అమ్మే అవ్వ వచ్చేది. మునగాల అవతల ఒక లంబాడీ తండా ఆమెది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా వీధులు తిరిగేది. చెవులు బాగా మందం. ఆడవాళ్లు అరిచి అరిచి విసిగిపోయి, ఎన్ని కట్టలు కావాలో వేళ్లు చూపించేవారు. ఎండ ఎక్కువైనప్పుడు మా మెట్ల మీద నీడలో కాసేపు కూలబడేది. నేను చెంబుతో మంచినీళ్లు ఇచ్చేదాన్ని. అంతకు మించి మా మధ్య పరిచయం లేదు.

ఒకరోజు ఆమె గోంగూర కట్ట నా చేతికి ఇస్తుండగా ఏడుపు మొదలైంది. నేను బిగుసుకుపోయాను. ఆగిపోయాక కూడా అట్లాగే ఉండిపోయానేమో, ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపింది.

"ఏందో ఇంటున్నవ్ బిడ్డా."

"ఏం లేదవ్వా."

"ఏం లేకపోతే మొకం గట్లెందుకైంది?"

మెల్లగా చెప్పాను. ఆమెకు అందలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అంది. ఇంకాస్త గట్టిగా చెప్పాను. మళ్లీ "ఆఁ?" అంది. మొగుడికి, అత్తకు దాచుకున్న మాట, ఈమెకు వినపడాలంటే అరవాల్సి వచ్చింది.

"పాప ఏడుస్తుందవ్వా! సచ్చిపోయిన నా పాప! రోజు ఏడుస్తుంది! ఎవ్వరికీ ఇనపడ్తలేదు!"

సందులో నా గొంతు నాకే వినిపించింది. వెంటనే నోరు మూసుకున్నాను. అవ్వ గోడ వైపు చెవి పెట్టి కాసేపు చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నాకు చెవులు పోయినయ్. నాకు ఇనరాదు. నీకు మంచిగ ఇనపడ్తుందా?"

"ఇనపడ్తుంది."

"యాడికెల్లి?"

ఎక్కడి నుంచి అని నన్ను ఎవరూ అడగలేదు. పెరటి వైపు చెయ్యి చూపించాను. ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. గంప మెట్ల పక్కకు జరిపింది.

"పా మరి. గింత ఎండల పసిపోరి ఏడుస్తుంటె గీడ కూసుంటమా? ఎతుకుదాం."

నన్ను ఓదార్చడానికి ఆడిన ఆట కాదది. నిజంగానే వెతికింది. నీళ్ల తొట్టి వెనక వంగి చూసింది. పెరట్లో బోర్లించిన పాత డ్రమ్మును ఇద్దరం కలిసి లేపాం. ఇంటి వెనక ఖాళీ జాగాలో కంపచెట్ల కిందికి దూరి, చీరకు ముళ్లు పట్టుకుంటే విడిపించుకుంటూ "ఈడ లేదు, ఆడ సూద్దాం" అంటూ నడిచింది. మధ్యమధ్య ఆగి "ఇప్పుడు ఇనపడ్తుందా?" అని అడిగేది. లేదని తల ఊపితే ఆగి, నేను తేరుకునేదాకా నిలబడేది. చివరికి మెట్ల దగ్గరికి వచ్చి చెంబెడు నీళ్లు తాగింది.

"ఇయ్యాల దొరకలే. రేపొస్త" అంది.

వచ్చింది. ఆ తర్వాత కూడా వచ్చింది. వీధులు తిరగడం ముగించుకుని సరిగ్గా మధ్యాహ్నం మా మెట్ల మీదికి చేరేది. నేను "ఇప్పుడు" అంటే లేచేది. వాటర్ ట్యాంకు పక్కన, శిథిలమైన పాత కొట్టంలో, మురుగు కాలువ మలుపులో వెతికాం. ఏమీ దొరకలేదు. కానీ ఆ రోజుల్లోనే నేను మళ్లీ ఆకలితో అన్నం తిన్నాను. ఏడుపు అట్లాగే ఉంది. అయితే ఇప్పుడు దాన్ని వెతకడానికి ఇద్దరం ఉన్నాం. ఇద్దరు మనుషులు వెతుకుతున్నది ఒకరి బుర్రలో ఉండే పిచ్చి కాదు కదా.

ఒకసారి అడిగాను, "నువ్వెట్ల నమ్మినవ్ అవ్వా?" అని. రెండు మూడుసార్లు అరవాల్సి వచ్చింది. ఆమెకు ప్రశ్న వినపడింది గానీ అర్థమైనట్టు లేదు.

"నమ్ముడేంది బిడ్డా? ఏడుస్తుందని చెప్పినవ్. ఎతుకుతున్నం" అంది.

ఒకనాడు ఇళ్ల వెనక సన్నటి దారిలో ఉండగా మళ్లీ మొదలైంది. ఎప్పటిలాగే ఆగిపోతుందని ఎదురుచూశాను. ఆగలేదు. పెరిగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్లీ అందుకుంది. సగంలో తెగని ఏడుపును నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా ఎదురుగా పక్కింటి వెనక తలుపు తెరుచుకుంది.

జగ్గయ్యపేట అమ్మాయి. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. భుజం మీద పిల్లవాడు ఎర్రగా కందిపోయి ఏడుస్తున్నాడు. ఆమె కూడా ఏడుస్తోంది.

"లోపలికి రండక్కా" అంది. "మీరు అవ్వతో చెప్పింది గోడవతల నుంచి విన్నాను. ఆ రోజు నుంచీ నాకు అన్నం దిగట్లేదు. మా వాడే అక్కా. మీకేమీ కాలేదు. మీరు విన్నది నిజమే."

నేను గడప దగ్గరే నిలబడిపోయాను. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. పుట్టింట్లో వాళ్లమ్మకు ఒంట్లో బాగోలేక, అనుకున్నదానికంటే ముందే పిల్లవాడిని తీసుకుని వచ్చేసింది. అప్పటికి నేనింకా మిర్యాలగూడలోనే ఉన్నాను. నేను వస్తున్నానని తెలిసి, మా ఆయన వాళ్లింటికి వెళ్లి బతిమాలాడు. బాబు ఇక్కడే ఉన్న సంగతి కొన్నాళ్లు నాకు తెలియనివ్వొద్దని, చప్పుడు రాకుండా చూడమని. వాళ్లు కాదనలేదు. కిటికీలకు బొంతలు కట్టారు. టీవీ పెద్దగా పెట్టారు. పొద్దుటిపూట, సాయంత్రం సందులో సందడి ఉంటుంది కాబట్టి సరిపోయేది. రాత్రిళ్లు ఆమె వాడిని ఒళ్లోంచి దించకుండా పాలిస్తూనే నిద్రపుచ్చేది. మధ్యాహ్నం ఆ సందడి ఉండేది కాదు. అందుకే వాడు నోరు తెరవగానే ఆమె చన్ను అందించేది. నేను విన్న సగం ఏడుపు అదే.

వీధి మొత్తానికి తెలుసు. నాకే తెలియదు.

బాబు మెడ నిండా చెమటకాయలు. గాలి ఆడని ఆ గదిలో, అంత ఎండలో, నా కోసం వాళ్లు ఆ పసివాడిని మూసిపెట్టారు. కోపం రావాల్సిన చోట నాకు ఆ చెమటకాయలు కనిపించాయి.

లోపలి నుంచి వాళ్ల అత్తగారు వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. కోడలు పిల్లవాడిని నా వైపు చాపుతుంటే, "వద్దే, పసివాడు..." అని అక్కడితో మాట మింగేసింది. ఆమె ఏమనబోయిందో నాకు తెలుసు. బిడ్డ పోయిన ఆడది ఎత్తుకుంటే ఏమవుతుందో అని. నేను వెనక్కి జరిగాను.

"అక్క ఎత్తుకుంటే ఏమవుద్ది అత్తయ్యా?" అంది ఆ అమ్మాయి. ఆమెకూ భయం ఉంది, అది కనిపిస్తూనే ఉంది. ఆ భయంతోనే పిల్లవాడిని నా చేతుల్లో పెట్టింది.

బరువు. అది నాకు తెలియని సంగతి. అన్ని నెలలు మోశాను, చేతుల్లోకి రాలేదు. తల వెనక అరచెయ్యి ఎట్లా పెట్టాలో ఎవరూ చెప్పకుండానే పెట్టాను. సున్నిపిండి వాసన, పుల్లటి పాల వాసన. వాడు నా ముఖంలోకి చూసి, నచ్చనట్టు, ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. టీవీ పెట్టలేదు. వాడి గొంతు సందు చివరిదాకా వెళ్లి ఉంటుంది. నేను సూర్యాపేట నుంచి వెంట తెచ్చుకున్నది పాప గొంతు. ఈ గొంతు వేరు. వీడు మగపిల్లవాడు, వీడికి అమ్మ ఉంది, వీడికి ఆకలి వేస్తే ఆమెకు తెలుస్తుంది. నా కూతురు ఏ గోడవతలా లేదు. దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన మాట నాకు అప్పుడు చేరింది.

అవ్వ దగ్గరికి వచ్చి వాడి నోరు చూసి, చెవి వాడి ముఖం దగ్గరికి పెట్టింది. ముడతల ముఖమంతా విచ్చుకుంది.

"అబ్బో! నాక్కూడ ఇనపడ్తుంది!" అంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పాప పోయిన తర్వాత గొంతు విప్పి ఏడవడం అదే మొదలు. ఆ అమ్మాయి వాళ్ల అత్తగారే నన్ను పట్టుకుని గోడ పక్కన కూర్చోబెట్టింది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పక్కింటి అరుగు మీద బాబును ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లోకి వచ్చాక డబ్బా గడప పక్కన పెట్టి, బూట్లు విప్పకుండానే నిలబడ్డాడు.

"నాకు పిచ్చి లేస్తుందనుకున్న" అన్నాను. "నీకు తెలుసు. తెలిసి ఏం లేదన్నవ్."

"నాకేం చెయ్యాల్నో తెల్వలే" అన్నాడు. "ఆ పిలగాన్ని సూస్తే నువ్వు దక్కవేమోనని భయమైంది. ఒక్కసారి లేదని చెప్పిన. మల్ల ఎట్ల మార్సాల్నో తెల్వలే."

ఆ మనిషి కూడా ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్నాడని నాకు తట్టలేదు. కోపం పోలేదు, కానీ ఆ కోపంలోంచే అడిగాను.

"పాప ఎట్లుండె?"

ఆయన నేల మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. జుట్టు బాగా ఉందని చెప్పాడు, నొసటి మీదికి పడేంత. గోళ్లు పొడుగ్గా ఉన్నాయట. కింది పెదవి మా అమ్మది. కాలి చిటికెన వేలు పక్క వేలు మీదికి ఎక్కి ఉందట, నాకున్నట్టే. "పొద్దుగాల సలి ఉండె. వాళ్లిచ్చిన గుడ్డ పల్సగుండె. నా అంగి ఇడిసి సుట్టిన" అన్నాడు. ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు.

ఆ ఆదివారమే బండి మీద హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లాం. కాలువ అవతల, ఊరు దాటాక, తుమ్మచెట్లున్న బీడు అని చెప్పాడు. వెళ్లి చూస్తే తుమ్మచెట్లు లేవు. నేలంతా చదును చేసి ఉంది. ప్లాట్లు కొట్టి తెల్లరంగు వేసిన హద్దురాళ్లు పాతారు. ఆయన అటు నడిచాడు, ఇటు నడిచాడు. కాలువ వైపు చూసి, రోడ్డు వైపు చూసి, ఒకచోట నిలబడి "గీడనే అనుకుంట" అన్నాడు. మళ్లీ కొంచెం జరిగి "కాదు, గీడ" అన్నాడు. చివరికి రాళ్ల మధ్య తల పట్టుకుని కూర్చుండిపోయాడు. నేను ఆ బీడంతా ఒకసారి నడిచాను. ఎక్కడ అడుగు వేసినా ఆగి వేశాను.

పక్కింటి కిటికీలు ఆ తర్వాత తెరిచే ఉన్నాయి. బాబు బోర్లాపడటం, పాకడం నేను దగ్గరుండి చూశాను. కొన్నేళ్లకు వాళ్లు విజయవాడ వెళ్లిపోయారు. ఇప్పటికీ ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది. నాకు కొడుకు పుట్టాడు. వాడి చదువు కోసం సూర్యాపేట మారాం. మా ఆయన రోజూ ఇక్కడి నుంచే వెళ్లొస్తాడు.

ఏడుపు పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని మధ్యాహ్నాలు ఇక్కడ కూడా వినిపిస్తుంది. అప్పుడు స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుని కిందికి దిగి చూసి వస్తాను. ఒకోసారి పిల్లి. ఒకోసారి నిజంగానే ఎవరి బిడ్డో. ఏమీ కనిపించని రోజులే ఎక్కువ. నాకు భయం వెయ్యదు. వెతకాలి, అంతే.

కరోనా తర్వాత అవ్వ కోదాడ రావడం మానేసిందని ఎవరో చెప్పారు. వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూ పోయిన ఎండాకాలం వెళ్లాను. మునగాలలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, తండాలో ఇల్లు అడుగుతూ పోయాను. కోడలు రేకుల పందిరి కింద మిరపకాయలు తొడిమలు తీస్తోంది. అవ్వ నులకమంచం మీద కూర్చుని ఉంది. సగమైపోయింది. నేను కాళ్లకు దండం పెడితే ఎవరో సర్కారు మనిషి అనుకుంది.

కోడలు "యాడీ!" అని, లంబాడీలో అమ్మా అన్నట్టు పిలిచి, నేనెవరో చెవిలో ఆ భాషలోనే అరిచి చెప్పింది. కోదాడలో ఆకుకూరలు అమ్మేదానివి కదా, అక్కడ నువ్వు కూర్చునే మెట్ల ఇంటామె అని. నేనూ అరిచాను. బాబు ఏడుపు, ఎండ, మనం వెతికింది, అన్నీ చెప్పాను. అవ్వ మర్యాదగా వింది. తల ఊపింది. తర్వాత కోడలి వైపు తిరిగి ఏదో అడిగింది. కోడలు ఇబ్బందిగా నవ్వింది.

"ఆమెకు యాది లేదక్కా. ఏ ఊరి మనిషి అని అడుగుతుంది. ఏం అనుకోకు" అంది.

నా బతుకులో అంత పెద్ద సంగతి ఆమె బతుకులో ఒక గుర్తుగా కూడా మిగల్లేదు. తెచ్చిన చీర, పండ్లు మంచం మీద పెట్టాను. అవ్వ వాటిని చూడలేదు, నన్ను చూస్తోంది. కొంచెం వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, జవాబు కోసం సిద్ధంగా, తెలుగులో అడిగింది.

"ఎండల వడి వచ్చినవ్. తిన్నవా బిడ్డా?"

"లేదు" అని గట్టిగా చెప్పాను.

కోడలు జొన్నరొట్టె, పచ్చడి వేసి ఇచ్చింది. మంచం పక్కన కింద కూర్చుని తిన్నాను. అవ్వ నేను తినడం చూస్తూ కూర్చుంది. రొట్టె అయిపోయేసరికి, ఇంకొకటి వెయ్యమని కోడలికి చెయ్యి ఊపింది.